కాళ్ళ బలం ధ్రువపత్రం

మా కమిషనర్ గారు ఒక పల్లెలో ప్రజలతో సహపంక్తి భోజనానికి నేలమీద కూర్చున్నారు. కూర్చోవడం వరకూ బాగానే జరిగింది. భోజనమూ బాగానే జరిగింది. పెరుగన్నం అయ్యాక లేవబోతే కాళ్ళు మాట వినలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో చంకలో చెయ్యి వేసి లేపారు. ఆ లేపడాన్ని ఎవరో ఫోన్లో తీశారు. మర్నాటికి జిల్లా అంతా చూసింది.

మామూలు మనిషైతే సిగ్గుపడి పొద్దున్నే నాలుగడుగులు నడవడం మొదలుపెడతాడు. కమిషనర్ గారు మామూలు మనిషి కాదు. ఆయన కాళ్ళలో బలం లేదంటే శాఖ కాళ్ళలోనే బలం లేదన్నమాట. నాలుగో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది.

"శాఖలోని యావన్మంది సిబ్బంది తమ కాళ్ళ బలమును పెంపొందించుకొనవలెను. ఇందు నిమిత్తము ప్రతి కార్యాలయము విడి బరువుల పద్ధతి, యంత్ర పద్ధతి అను రెండింటిలో ఏదేని ఒక్కదానిని మాత్రమే ఎంపిక చేసుకొని, పన్నెండు వారములు అభ్యసించి, మార్చి 31 లోగా ధ్రువపత్రములు పొందవలెను. ధ్రువపత్రము లేని పర్మనెంటు ఉద్యోగికి ఇంక్రిమెంటు, కాంట్రాక్టు ఉద్యోగికి కాంట్రాక్టు నిలిపివేయబడును."

నా పేరు చక్రధర్. జిల్లా పాత దస్తావేజుల భాండాగారంలో సీనియర్ అసిస్టెంటుని. నోటు రాయడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని మా ఆఫీసులో అంటారు. అననప్పుడు నేనే గుర్తుచేస్తుంటాను. ఈ కథలో జరిగిన మంచికీ చెడుకీ నా నోటే కారణం కాబట్టి ముందే చెప్పుకోవడం మర్యాద.

మాది మూడంతస్తుల భవనం. నకళ్ళు ఇచ్చే కౌంటర్లు కింద, దస్తావేజుల కట్టలు పైన మూడో అంతస్తులో. మధ్యలో అరవై ఆరు మెట్లు. లిఫ్టు ఉంది. ప్రారంభోత్సవం రోజున ఒకసారి పైకి వెళ్ళింది, ఇంకా దిగలేదు. ఎవరైనా నకలు అడిగితే పైనుంచి కట్ట కిందికి దించేది, పనయ్యాక మళ్ళీ పైకి చేర్చేది కొంరవ్వ. ఒక్కో కట్ట పదిహేను కిలోలకు తక్కువ ఉండదు. కట్టల జాబితా ఎప్పుడో చెదలు తినేసింది కాబట్టి ఏ ఊరి కట్ట ఏ అరలో ఉందో కూడా ఆమెకే తెలుసు.

కొంరవ్వ కాంట్రాక్టు అటెండరు. పంతొమ్మిదేళ్ళు దాటాయి. జూన్ 30తో ఇరవై నిండుతాయి. విరామం లేకుండా ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళను పర్మనెంటు చేయాలని ఉత్తర్వు ఉంది. మధ్యలో ఒక్కరోజు తెగినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. భర్త పోయినప్పుడు కూడా ఇచ్చిన పది రోజుల సెలవు దాటనివ్వకుండా పదకొండో రోజున కట్ట నెత్తికెత్తుకుని వచ్చింది ఈ భయంతోనే. అందుకే సర్క్యులర్ రాగానే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సారు, గీ కాళ్ళ కాయితం నాక్కూడ గావాల్నా?"

"నీకే ముందు కావాలి కొంరవ్వా. మాకు లేకపోతే ఇంక్రిమెంటే పోతుంది. నీకు ఉద్యోగమే పోతుంది."

"నా కాళ్ళకేమైంది సారు? మంచిగనే ఉన్నయి గద."

ఆమె అమాయకత్వానికి నవ్వాను. మంచిగా ఉండటం వేరు, ఉన్నట్టు కాగితం ఉండటం వేరు.

*

పద్ధతిని ఎంపిక చేయడానికి కమిటీ వేశారు. అధ్యక్షులు మా జాయింట్ డైరెక్టరు విశ్వమోహన్ గారు. సభ్యులు 'ఎ' సెక్షన్ సూపరింటెండెంటు శేషఫణి, 'బి' సెక్షన్ సూపరింటెండెంటు జయపాల్. నోటు రాయడానికి నేను.

"ఇది కేవలం కాళ్ళకు సంబంధించిన అంశం కాదు," అన్నారు జేడీ గారు ప్రారంభోపన్యాసంలో. "ఇది విధాన నిర్ణయం. తొందరపాటు తగదు. ఉభయ పద్ధతుల గుణదోషములను సమగ్రముగా పరిశీలించి, తదుపరి చర్య నిమిత్తం ఫైలు సమర్పించవలసి ఉంటుంది."

శేషఫణి బక్కపలచని మనిషి. బల్లకు ఆ చివరనున్న నీళ్ళ గ్లాసు కోసం కూడా బెల్లు కొడతాడు. అలాంటివాడు రెండు రోజులు వీడియోలు చూసి విడి బరువులకు భక్తుడైపోయాడు.

"సార్, విడి బరువే అసలు బరువు. ఇనుప కడ్డీ భుజాల మీద పెట్టుకొని కూసుండి లేస్తె తొడలు, పిక్కలు, నడుము అన్నీ పనిచేస్తయి. ఒళ్ళు తూలకుండ మనిషే ఆపుకోవాలె. కమిషనర్ గారికి వచ్చిన కష్టం గూడ లేచుడు కాడనే గద సార్."

"తూలితే బాధ్యులెవరు?" అన్నాడు జయపాల్.

అందరం ముందున్న కాగితాలు సర్దుకున్నాం. మా ఆఫీసులో బాధ్యత అనే మాట ఎవరైనా పైకి అంటే జరిగేది అదే.

"అదే యంత్రమైతే ఆ బాధే లేదు సార్," అని జయపాల్ కొనసాగించాడు. "కుర్చీల కూసుంటం. ఎదురుంగ పలక ఉంటది, పాదాలు ఆనిచ్చి నూకుతం. అది ముందే వేసిన దారిల పోతది, అదే దారిల వాపస్ వస్తది. పక్కకు పోదామన్నా పోనియ్యదు. సర్కారు ఉద్యోగికి ఇంతకన్న తగింది ఇంకేమున్నది?"

జేడీ గారి ముఖం వెలిగింది. కానీ శేషఫణి ఊరుకోలేదు. "పొద్దంత కుర్చీల కూసున్నోనికి మళ్ళ కుర్చీ ఏంది సార్? గట్ల బలం వచ్చేదుంటె ఈపాటికి మనమందరం పహిల్వాన్లం కావాలె."

అప్పుడు జయపాల్ తన సంచిలోంచి క్రమశిక్షణ నియమావళి పుస్తకం తీశాడు.

"బరువు పెట్టి కూసోబెట్టి లేపుడంటె గుంజీలే గద సార్. గుంజీలంటె శిక్ష. ఛార్జి మెమో ఇవ్వకుండ, సంజాయిషీ తీసుకోకుండ, విచారణ జరపకుండ ఉద్యోగిని శిక్షించుడు నిబంధనలకు విరుద్ధం. రేపు ఎవరన్నా కోర్టుకు పోతె జవాబు మీరే చెప్పాలె."

జేడీ గారు మంచినీళ్ళు తాగారు. ఆ రోజే నాకు పని పడింది. విడి బరువుల పద్ధతిని పరిశీలించాలంటే ముందు చట్టబద్ధం చేయాలి కాబట్టి, అరవై రెండుమంది పర్మనెంటు ఉద్యోగులకు ఛార్జి మెమోలు తయారుచేశాను. "మీ కాళ్ళలో తగినంత బలము లేనందున మీపై గుంజీల చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపగలరు." నలభైమంది తమ వంశంలో ఎవరి కాళ్ళలోనూ బలం లేదని జవాబిచ్చారు. పదిమంది గడువు పెంచమన్నారు. ఒకాయన తన కాళ్ళు డెప్యుటేషన్ మీద ఉన్న కాలంలో బలహీనపడ్డాయని, ఆ కార్యాలయాన్నే అడగమని రాశాడు.

ఇది చూసి శేషఫణి యంత్రం మీద పడ్డాడు. యంత్రం కొంటే యంత్రసామగ్రి రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కించాక దాన్ని నడిపేవాడు ఆపరేటరు అవుతాడు. మా కార్యాలయానికి ఆపరేటరు పోస్టు మంజూరు కాలేదు. మంజూరు కాని పోస్టులో కాళ్ళు చాపి కూర్చునే అధికారం ఎవరికీ లేదు. ఇది కూడా న్యాయంగానే ఉందని జేడీ గారు ఒప్పుకున్నారు.

ఆరో వారంలో నిపుణుణ్ణి పిలిపించారు. బస్టాండు వెనక వ్యాయామశాల నడిపే రణధీర్ అనే కుర్రాడు. ఛాతీ తలుపులో పట్టక పక్కకు తిరిగి లోపలికి వచ్చాడు.

"రెండూ మంచివే సార్," అన్నాడు. "కొత్తగ మొదలుపెట్టెటోళ్ళకు మిషిన్ అల్కగ ఉంటది, పడిపోతమన్న భయముండది. జర అలవాటైనంక విడి బరువులు పట్టుకుంటె నిలుకడ గూడ వస్తది. ఏది చేసినా వదలకుండ చెయ్యాలె, మెల్లగ బరువు పెంచుకుంట పోవాలె. అంతే సార్."

"రెండూ అనేది సర్క్యులర్‌లో లేదు," అన్నారు జేడీ గారు.

"మరి ఏదో ఒకటి షురూ చెయ్యుండ్రి సార్. చెయ్యకపోవుడు కన్న ఏదైనా మంచిదే."

ఆ కుర్రాడికి పరిపాలన తెలియదని తేలిపోయింది. "నిపుణుని అభిప్రాయము సందిగ్ధముగా ఉన్నది" అని నోటు రాసి పంపించేశాను.

చివరికి తులనాత్మక అధ్యయనం కోసం రెండూ తెప్పించారు. తూకం రాళ్ళకు ముద్ర ఉండాలన్న నియమం గుర్తొచ్చి ఇనుప చక్రాలను తూనికల తనిఖీకి పంపితే, ఇరవై కిలోల చక్రం పంతొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగింది. ఆ వంద గ్రాముల బలం ఉద్యోగికి ఎలా సమకూర్చాలన్న ప్రశ్న మీద మరో వారం గడిచింది.

యంత్రం విడి భాగాలుగా వచ్చింది. మొత్తం రెండు వందల నలభై కిలోలు. ఖాళీ హాలు మూడో అంతస్తులో ఉంది కాబట్టి అక్కడ పెట్టాలన్నారు. మోసింది ఎవరో చెప్పక్కర్లేదు. పదకొండు విడతలుగా ఆ ఇనుమంతా కొంరవ్వ నెత్తిమీద పైకి వెళ్ళింది. నేను కింద నిలబడి ఒకటి, రెండు అని టిక్కులు పెట్టాను.

విడి బరువుల కడ్డీ మాత్రం రెండు వైపులా చక్రాలు బిగించి కౌంటరు ముందు వదిలేశారు. జనానికి అడ్డం. ఎనభై కిలోలట. శేషఫణి దానికి రెండు ప్రదక్షిణలు చేసి, ముహూర్తం చూడాలన్నాడు. కొంరవ్వ చీపురుతో వచ్చి, "జర తప్పుకోండ్రి" అని, కూర్చుని, కడ్డీ పట్టుకుని లేచింది. నాలుగడుగులు నడిచి గోడ పక్కన పెట్టి, కింద ఊడ్చుకుని, మళ్ళీ తెచ్చి యథాస్థానంలో పెట్టింది. కమిటీ మొత్తం చూసింది.

వ్యాయామం మొదలైంది. మొదటి రోజు సగంమంది రెండో అంతస్తు దాకా వెళ్ళి తిరిగి వచ్చేశారు. మూడో అంతస్తు ఎక్కే ఓపిక లేక సిబ్బంది కాళ్ళ బలోపేతానికి హాజరు కాలేకపోతున్నారని యూనియను వినతిపత్రం ఇచ్చింది. న్యాయమైన కోరిక. జేడీ గారు కరుణించి, హాజరు రిజిస్టరును రోజూ కిందికి దించి సంతకాలు చేయించి పైకి పంపమన్నారు. దించింది, ఎక్కించింది కొంరవ్వ. కౌంటరు దగ్గర బోర్డు పెట్టాం: "కాళ్ళ బలోపేతము జరుగుచున్నది. నకళ్ళు ఇవ్వబడవు."

*

మార్చి వచ్చింది. పద్ధతి ఇంకా తేలలేదు. అప్పుడు జేడీ గారు తమ ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవాన్నంతా ఉపయోగించి మధ్యేమార్గం ప్రకటించారు. విడి బరువులు తూలకుండా నాలుగు తాళ్ళతో కిటికీలకు కట్టాలి. యంత్రానికి ఆపరేటరు అవసరం రాకుండా దాని మరలు విప్పేయాలి. ఆ విధంగా విడి బరువు యంత్రమైంది, యంత్రం విడి బరువైంది. ఏదీ కదలదు. ఇద్దరు సూపరింటెండెంట్లూ గెలిచినట్టు చేతులు కలుపుకున్నారు. పన్నెండు వారాల్లో మిగిలిన హాజరంతా ఒక్క పూటలో పూర్తయింది.

అరవై రెండు ధ్రువపత్రాలు సిద్ధమయ్యాయి. అందరి కాళ్ళూ "ఉత్తమం". అరవై మూడో కాగితం దగ్గర పెన్ను ఆగింది.

"కొంరవ్వ హాజరు రిజిస్టరులో లేదు," అన్నాడు శేషఫణి.

"ఎట్లుంటది? కాంట్రాక్టోళ్ళకు కసరత్తు టైమ్ ఇచ్చే నిబంధన లేదు. పది నుంచి ఐదు దాక డ్యూటీయే," అన్నాడు జయపాల్. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి.

"కానీ సార్," అన్నాను నేను, "కడ్డీ ఎత్తింది కదా. మనందరం చూశాం."

"ఎందుకు ఎత్తింది?" అని అడిగారు జేడీ గారు.

"ఊడ్వడానికి."

"అదీ సంగతి. ఊడ్చు నిమిత్తం ఎత్తినది గనుక అది పని. వ్యాయామము కాదు. చూడండి చక్రధర్, మనం నిర్వచనాల విషయంలో కచ్చితంగా ఉండాలి. ప్రయోజనము గల శ్రమ పని. ప్రయోజనము లేని శ్రమయే వ్యాయామము. పని వలన కలిగిన బలమును సర్క్యులర్ గుర్తించదు."

ఆ సాయంత్రం కొంరవ్వ మెట్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడు నెలలున్నది సారు. మూడే నెలలు. పెన్షనొస్తె బిడ్డ మీద పడకుండ బతుకుదామనుకున్న. గా కుర్చీల జరసేపు నన్ను గూడ కూసోనిస్తె ఏం పోతుండె?"

నాకు నిజంగా బాధేసింది. బాధేసినప్పుడు కొందరు తాగుతారు, కొందరు గుడికి పోతారు. నేను నోటు రాస్తాను.

ఏటా మా ఆఫీసులో కట్టల తనిఖీ జరుగుతుంది. నాలుగు వేల ఎనిమిది వందల కట్టలనూ కొంరవ్వ రెండు నెలలపాటు కిందికి దించుతుంది. సూపరింటెండెంటు వాటిని లెక్కపెట్టి, నాలుగు వేల ఎనిమిది వందలు అని రాసి సంతకం చేస్తాడు. ఆమె మళ్ళీ పైకి చేరుస్తుంది. ఒక్క కట్టా విప్పరు. ఎవరూ ఏమీ చదవరు. దీని ఆధారంగా నోటు అల్లాను: "సదరు కొంరవ్వ గత పంతొమ్మిది సంవత్సరములుగా ఈ కార్యాలయమునందు బరువులను పైకి కిందికి మోయుచున్నది. సదరు మోత వలన ఎట్టి ప్రయోజనము చేకూరిన దాఖలా లేదు. ప్రయోజనము లేని శ్రమ గనుక ఇది వ్యాయామము. కట్టలు దేనికీ బిగించబడి లేవు గనుక ఇది విడి బరువుల పద్ధతి."

నకళ్ళ కోసం దించిన కట్టల మాట నోటులో రాయలేదు. మా దగ్గర నోటులో రాయనిది జరగనట్టే.

ఈ నోటు మీద సంతకం పెడితే, తన కార్యాలయం పంతొమ్మిదేళ్ళుగా ఏ ప్రయోజనమూ లేకుండా నడుస్తోందని జేడీ గారు రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. "అరవై మూడుకు అరవై మూడు. నూటికి నూరు శాతం అవుతుంది కదూ?" అని అడిగి, పచ్చ సిరాతో సంతకం చేశారు.

కొంరవ్వ మర్నాడు నాకు పల్లీల లడ్డూలు తెచ్చింది. రెండు తిన్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ మూడోది కూడా తిన్నాను.

*

జూన్ మూడో వారంలో కమిషనర్ కార్యాలయం నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి, కాళ్ళ బలోపేతంలో మా కార్యాలయం రాష్ట్రంలోనే ప్రథమం, కమిషనర్ గారు జూన్ 30న స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారు. రెండోది కొంరవ్వను పర్మనెంటు చేయాలని మేం పంపిన ప్రతిపాదనకు జవాబు.

"పైన ఉదహరించిన నోటు ప్రకారము సదరు కొంరవ్వ పంతొమ్మిది సంవత్సరములు వ్యాయామము చేసినట్లు నిర్ధారణయైనది. వ్యాయామము చేసిన కాలమును సర్వీసుగా పరిగణించుటకు నిబంధనలు అనుమతించవు. ప్రతిపాదన తిరస్కరించడమైనది."

నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. నేను రాసినా అలాగే రాసేవాణ్ణి. అదే నన్ను కాల్చింది.

కొంరవ్వకు చెప్పక తప్పలేదు. మొదట ఆమెకు అర్థం కాలేదు. నా నోటు సంగతి మొదటి నుంచీ విడమరిచి చెప్పాను.

"అంటె గిన్నేండ్లు నేను ఆడుకున్ననా సారు?"

నన్ను తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. బల్ల మీద నా ఖాళీ గ్లాసు తీసుకుని, కడిగి, నీళ్ళు నింపి పెట్టి వెళ్ళింది.

*

జూన్ 30న కమిషనర్ గారు వచ్చారు. ఎత్తు కుర్చీ వేయించాం. షీల్డు ఇచ్చారు. "బలమైన కాళ్ళే బలమైన పరిపాలనకు పునాది" అన్నారు. చప్పట్లు కొట్టాం. టీ తాగుతూ ఆయన జేడీ గారి వైపు వంగారు.

"అన్నట్టు, మా మామగారి ఊరి కట్ట ఒకటి చూడాలయ్యా. రేపే కోర్టులో వాయిదా. ఎల్మకన్నె గ్రామం. ఓ పది నిమిషాల్లో తెప్పించు."

జేడీ గారు నన్ను చూశారు. నేను పరుగెత్తాను. అరవై ఆరు మెట్లు ఎక్కి, గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుని చూస్తే నాలుగు వేల ఎనిమిది వందల కట్టలు ఒకేరకం ఎర్రగుడ్డల్లో ఒకేలా ఉన్నాయి. ఖాళీ చేతులతో దిగాను. ఇక కొంరవ్వను పిలవక తప్పలేదు. ఆమె మెట్ల కింద గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"కొంరవ్వా, ఎల్మకన్నె కట్ట తీసుకురా, తొందరగా," అన్నారు జేడీ గారు.

"ఇయ్యాల కసరత్తు చెయ్యబుద్ధి అయితలేదు సారు."

"ఇది కసరత్తు కాదమ్మా, అర్జెంటు పని!"

"పనా? కట్టలు మోసుడు పని కాదని మీరే రాసిన్రట గద."

జేడీ గారు గొంతు సవరించుకున్నారు. "సరే, దీనిని ప్రత్యేక సందర్భముగా పరిగణించి, ఈ ఒక్క కట్ట వరకు పని అని రాసి ఇస్తాం."

"ఒక్క కట్టకు కాదు సారు. పంతొమ్మిదేండ్లకు రాయుండ్రి."

"అదెలా సాధ్యం? అది వ్యాయామమని ఇదివరకే నిర్ణయమైంది. షీల్డు కూడా వచ్చింది."

"ఐతె ఎక్కుండ్రి," అంది కొంరవ్వ.

ఎక్కారు. వేరే దారి లేదు. జేడీ గారు, శేషఫణి, జయపాల్ ముగ్గురూ ధ్రువపత్రాలున్న కాళ్ళతో బయల్దేరారు. అప్పటికే ఒకసారి ఎక్కి దిగాను కాబట్టి నేను వెనక నడిచాను. మూడో అంతస్తు చేరి ఫోన్ చేస్తే, ఏ అరలో ఉందో కొంరవ్వ కింద నుంచి చెప్పేలా నేను రాజీ కుదిర్చాను. మొదటి అంతస్తు దగ్గర శేషఫణి రెయిలింగు పట్టుకుని, ఇదంతా యంత్రం వాడకం వల్ల వచ్చిన బలహీనత అన్నాడు. జయపాల్ ఏదో జవాబు చెప్పబోయాడు గానీ ఊపిరి అందలేదు. రెండో అంతస్తుకు ఇంకా పన్నెండు మెట్లున్నాయనగా జేడీ గారు కూర్చున్నారు. కూర్చోవడం వరకూ బాగానే జరిగింది.

కింద నుంచి కమిషనర్ గారి డ్రైవరు గట్టిగా అడిగాడు. "సారు అడుగుతున్నరు, ఇంకెంతసేపని?"

జేడీ గారు నన్ను పిలిచారు. పిలవడం కాదు, చెయ్యి ఊపారు. "రాయండి," అన్నారు.

మెట్ల మీదే రాశాను. నా జీవితంలో అంత చిన్న నోటు ఎప్పుడూ రాయలేదు. "శ్రీమతి కొంరవ్వ ఈ కార్యాలయంలో నేటికి ఇరవై సంవత్సరాలుగా విరామం లేకుండా చేసింది పని. ఆమె మోసిన కట్టలతో ఈ జిల్లా ప్రజలు నకళ్ళు పొందారు. ఈ కాలమంతా సర్వీసుగా లెక్కించి, ఆమెను పర్మనెంటు చేయాలి. మార్చి నాటి నోటు తప్పు." జేడీ గారు జయపాల్ వీపు మీద కాగితం ఆనించి సంతకం పెట్టారు. నేను కిందికి పరుగెత్తి, ఎత్తు కుర్చీలో కూర్చున్న కమిషనర్ గారి ముందు పెట్టాను. ఇది అయితే కట్ట వస్తుందా అని అడిగారు. వస్తుందన్నాను. "ఆమోదించడమైనది" అని రాసి సంతకం చేశారు.

కొంరవ్వ నా చేత రెండుసార్లు చదివించుకుంది. గుండ్రటి ముద్ర వేయమంది. వేశాను. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటుంటే పైనుంచి జేడీ గారి గొంతు వినిపించింది. ఆ స్థితిలోనూ ఆయన నిబంధన మరువలేదు.

"కొంరవ్వా, ఒక విషయం. అది పని అయినందున వ్యాయామం కాదు. కావున నీ ధ్రువపత్రం రద్దవుతుంది. నీ కాళ్ళలో బలం లేనట్టు సర్వీసు రిజిస్టరులో నమోదు చేయవలసి ఉంటుంది. ఈ ఏటి ఇంక్రిమెంటు రాదు."

"రాసుకోండ్రి సారు," అంది. కొంగు నడుముకు చుట్టి మెట్లెక్కింది. "జర జరుగుండ్రి" అంటూ ముగ్గురి మధ్య నుంచి పైకి వెళ్ళిపోయింది.

ముగ్గురూ దిగడం మొదలుపెట్టారు. ఎక్కడం కంటే దిగడం కష్టమని ఆ రోజే నాకు తెలిసింది. జేడీ గారు ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగుతున్నారు. వాళ్ళింకా మొదటి అంతస్తు దాటకముందే కొంరవ్వ పద్దెనిమిది కిలోల కట్ట నెత్తిన పెట్టుకుని, మళ్ళీ వాళ్ళను దాటుకుంటూ వచ్చి కమిషనర్ గారి ముందు దించింది. ఆమెకు ఆయాసం కూడా లేదు.

కమిషనర్ గారు ఆమెను ఎగాదిగా చూశారు. అప్పుడే గోడ పట్టుకుంటూ వచ్చిన జేడీ గారిని, "ఎవరయ్యా ఈవిడ?" అని అడిగారు.

"మా పర్మనెంటు ఉద్యోగి సార్," అన్నారు జేడీ గారు ఊపిరి కూడదీసుకుని. "కాళ్ళలో బలం లేదు."